కన్ను చిన్నదైనట్లు కనిపిస్తే: ఇంట్లో చూసుకోవలసినవి, దవాఖానలో చెప్పవలసినవి

"నీ ఎడమ కన్ను చిన్నగ కానొస్తున్నది" అని ఇంట్లో ఎవరైనా అనగానే మనం అద్దం ముందుకు వెళ్తాం. అద్దం కంటే ముందు వెతకవలసినవి పాత ఫోటోలు. పదో తరగతి హాల్‌టికెట్, ఆధార్ కార్డు, పెండ్లి ఆల్బం, మేడారం జాతరలో దిగిన గ్రూపు ఫోటో, ఏదైనా సరే, నేరుగా కెమెరా వైపు చూస్తున్న ముఖాలు నాలుగు దొరికితే చాలు. ఇరవై ఏళ్ళ కిందటి ఫోటోలోనూ ఆ కన్ను అంతే ఉంటే అది మీ ముఖ లక్షణమే. కుడి ఎడమలు అచ్చంగా ఒకేలా ఉండే ముఖాలు అరుదు. నిరుటి ఫోటోలో లేని తేడా ఈ ఏడు కనిపిస్తే కారణం వెతకాలి. పోయిన వారం లేని తేడా ఈ రోజు కనిపిస్తే దవాఖానకు బయలుదేరాలి.

పెద్దవారి కనుగుడ్డు ముందు నుంచి వెనుకకు సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. పుట్టినప్పుడు 16, 17 మిల్లీమీటర్లుగా ఉన్నది పెరిగి ఆ కొలతకు చేరుతుంది. అలా పెరిగిన ఆరోగ్యమైన కన్ను వయసు మీద పడినంత మాత్రాన కుంచించుకుపోదు. మనం "కన్ను" అని చూసేది నిజానికి గుడ్డును కాదు, రెండు రెప్పల మధ్య ఉన్న సందును. ఆ సందు నిలువునా 9 నుంచి 10 మిల్లీమీటర్లు, అడ్డంగా 28 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. పై రెప్ప నల్లగుడ్డు పైఅంచును 1 నుంచి 2 మిల్లీమీటర్ల మేర కప్పి ఉంటుంది. ఇంత చిన్న సందులో రెప్ప రెండు మిల్లీమీటర్లు కిందికి జారితే చాలు, ఎదుటివాళ్ళు గుర్తుపడతారు. అందుకే కన్ను చిన్నదైందన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం రెప్పవే. కొన్ని కన్ను కూర్చున్న గుంతకు సంబంధించినవి. గుడ్డే చిన్నదై ఉండటం అన్నింటికంటే తక్కువ.

ముందుగా, ఆలస్యం చేయకూడని సందర్భాలు

ఇంట్లో చేసుకునే పరీక్షలు తీరిక ఉన్నప్పటివి. ఈ భాగంలో చెప్పే సందర్భాల్లో ఆ తీరిక ఉండదు కనుక వీటిని ముందే చదవడం మంచిది.

వానాకాలంలో నేల మీదనో, పొలం దగ్గరనో పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కాసేపటికి రెండు రెప్పలూ బరువెక్కి వాలిపోతున్నాయంటే, ఒంటి మీద కాటు గుర్తు కనిపించినా కనిపించకపోయినా కట్లపామును అనుమానించాలి. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నిద్రలో ఉన్నవారిని కరుస్తుంది. కరిచిన చోట నొప్పి, వాపు దాదాపుగా ఉండవు. దాని విషం నరం నుంచి కండరానికి అందవలసిన సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఆ దెబ్బ సాధారణంగా ముందు రెప్పల్లో బయటపడుతుంది, తరువాత మాట ముద్దవుతుంది, మింగడం కష్టమవుతుంది, చివరకు ఊపిరి తీసే కండరాలే ఆగిపోతాయి. నాగుపాము విషం కూడా ఇదే పని చేస్తుంది గానీ, అక్కడ కాటు నొప్పి, వాపు తెలుస్తాయి. "రాత్రి నిద్ర చాలలేదు, పండుకోనియ్యండి" అన్న మాట ఈ సందర్భంలో ప్రాణాల మీదికి తెస్తుంది. పసరు, మంత్రం, గట్టిగా బిగించే కట్టు ఏవీ వద్దు. 108కు ఫోన్ చేసి, విరుగుడు ఇంజెక్షన్, వెంటిలేటర్ రెండూ ఉన్న దవాఖానకు తీసుకువెళ్ళాలి. వరంగల్ చుట్టుపక్కల వారికి అది ఎంజీఎం ఆసుపత్రి. దూరపు ఊళ్ళవారు దారిలో ఉన్న ప్రభుత్వ దవాఖానలో విరుగుడు మొదలుపెట్టించుకోగలిగితే అక్కడే మొదలుపెట్టించుకుని ముందుకు సాగాలి.

ఒక రెప్ప అకస్మాత్తుగా పూర్తిగా మూతపడటం, దాన్ని వేలితో ఎత్తి చూస్తే గుడ్డు బయటి వైపుకు, కిందికి తిరిగి ఉండటం, ఆ కంటిపాప, అంటే నల్లగుడ్డు నడిమి నల్లచుక్క, రెండో దానికంటే పెద్దదై ఉండటం, దానితోపాటు ఎన్నడూ ఎరుగని తలనొప్పి రావడం కలిసి కనిపిస్తే, మెదడులోని రక్తనాళం ఉబ్బి, రెప్పను, గుడ్డును కదిలించే మూడో కపాల నరాన్ని నొక్కుతున్నదేమోనని అనుమానించి ఆ గంటలోనే స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి చేరాలి. మధుమేహం ఉన్నవారిలో కూడా ఇదే నరం దెబ్బతిని రెప్ప వాలుతుంది. అయితే అప్పుడు కంటిపాప చాలావరకు మామూలుగానే ఉంటుంది, సాధారణంగా మూడు నెలల్లో నరం కోలుకుంటుంది. ఈ రెండింటినీ ఇంట్లో వేరుచేసి నిర్ధారించుకునే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. "షుగర్ ఉంది కాబట్టి షుగర్ వల్లనే" అన్న తీర్మానం వైద్యుడు పరీక్షించిన తరువాత రావలసినది.

రెప్ప కొద్దిగానే, రెండు మిల్లీమీటర్ల లోపే వాలి, అదే వైపు కంటిపాప చిన్నదైతే అది హార్నర్ సిండ్రోమ్ కావచ్చు. మెదడు నుంచి ఛాతీ పైభాగం దాకా దిగి, మెడలోని పెద్ద రక్తనాళాన్ని పట్టుకుని మళ్ళీ కంటికి ఎక్కే నరాల దారిలో ఎక్కడ దెబ్బ తగిలినా ఇలా జరుగుతుంది. దీనితోపాటు మెడ ఒక పక్క కొత్తగా నొప్పి ఉంటే, ముఖ్యంగా ప్రమాదం తరువాతనో, క్షవరం అయ్యాక మెడను రెండు వైపులకూ టక్కున విరిపించుకున్న తరువాతనో మొదలైతే, ఆ రక్తనాళం లోపలి పొర చీలి ఉండవచ్చు. పక్షవాతానికి దారితీయగల స్థితి కాబట్టి ఇదీ అత్యవసరమే. నొప్పి ఏమీ లేకుండా నెమ్మదిగా వచ్చిన హార్నర్‌లో వైద్యులు ఛాతీ స్కాన్ అడుగుతారు. ఊపిరితిత్తి పైకొసలో గడ్డ ఉన్నా ఈ గుర్తు రావచ్చు. చుట్ట, బీడీ తాగేవారు ఆ పరీక్షను వాయిదా వేయకూడదు.

రెప్ప వాలడంతోపాటు చేయి బలం తగ్గినా, మాట తడబడినా, మనిషి తూలుతున్నా పక్షవాతంగా భావించాలి. జ్వరంతో రెప్పలు ఎర్రగా ఉబ్బి, గుడ్డు కదిలిస్తే నొప్పి పెడుతూ, చూపు మందగిస్తే అది కంటి గుంతలోకి పాకిన ఇన్ఫెక్షన్ కావచ్చు. పిల్లల్లో జలుబు, సైనస్ తరువాత వస్తుంది, కడుపులోకి మాత్రలు కాదు, దవాఖానలో చేర్చి రక్తనాళంలోకి మందు ఎక్కించవలసి వస్తుంది.

పత్తి చేనుకు మందు కొట్టి వచ్చిన మనిషి "కండ్లు మసకగున్నయి" అంటే మాత్రం రెప్పలను కాదు, కంటిపాపలను చూడాలి. ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందు ఒంటికి పట్టినప్పుడు కంటిపాపలు సూదిమొనంత అవుతాయి. చొంగ, చెమట, వాంతులు, ఊపిరాడకపోవడం దాని తోడు లక్షణాలు. బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్ళు కడిగి, మందు డబ్బాతో సహా దవాఖానకు తీసుకుపోవాలి.

ఏ కన్ను మారిందో తేల్చుకోవడం

ఇది చూడటానికి వెర్రి ప్రశ్నలా ఉంటుంది గానీ, చాలామంది దారి తప్పేది ఇక్కడే. మా మేనత్తకు ఎడమ కన్ను చిన్నదైందని ఇంటిల్లిపాదీ ఏడాదిపాటు అనుకున్నాం. దిష్టి తీశారు, నందివర్ధనం పూలు రెప్పల మీద పెట్టారు, వయసని సర్దుకున్నారు. చివరకు పాత ఫోటో పక్కన పెట్టి చూస్తే ఎడమ కన్ను ఎప్పటిలాగే ఉంది, కుడి కన్నే పెద్దదైంది. కుడి వైపు నల్లగుడ్డుకు పైన తెల్లటి గీత కనిపిస్తోంది. అంటే పై రెప్ప వెనక్కి లాగుకుపోయింది. అది థైరాయిడ్ కంటి జబ్బు. మేమంతా మంచి కంటికి వైద్యం చేస్తూ కూర్చున్నాం.

కాబట్టి ముందు ఈ మూడు సంగతులు చూడాలి. నేరుగా చూస్తున్నప్పుడు పెద్దగా ఉన్న కంటిలో నల్లగుడ్డు పైఅంచుకు, రెప్పకు మధ్య తెల్లదనం కనిపిస్తే అనుమానం ఆ పెద్ద కంటి మీద పెట్టాలి. కళ్ళు మూయమన్నప్పుడు పెద్ద కన్ను పూర్తిగా మూసుకోకపోతే, ఆ వైపు మూతి కూడా జారి ఉంటే, ముఖ నరం దెబ్బతిన్నట్టు; ఆ పక్షవాతంలో కన్ను తెరుచుకుపోతుంది, మూతపడదు, అందుకే బాగున్న కన్ను చిన్నదిగా కనిపిస్తుంది. మూడోది, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, వెనుక నిలబడి, అతని తలను కొద్దిగా వెనక్కి వంచి, కనుబొమ్మల మీదుగా కిందికి చూడాలి. ఒక గుడ్డు ముందుకు పొడుచుకు వచ్చిందో, రెండోది లోపలికి పోయిందో ఈ కోణం నుంచి తెలిసినంత స్పష్టంగా ఎదురుగా చూస్తే తెలియదు.

ఇంకొక చిక్కు ఉంది. రెండు పై రెప్పలను ఎత్తమనే ఆదేశం మెదడు నుంచి సమానంగా వస్తుంది. ఒక రెప్ప వాలితే దాన్ని ఎత్తడానికి పడే ప్రయాస రెండో రెప్పనూ అవసరానికి మించి ఎత్తుతుంది. వాలిన రెప్పను వేలితో పైకి పట్టుకుంటే రెండో కన్ను కొద్దిగా కిందికి దిగడం ఈ కారణం వల్లనే. శస్త్రచికిత్స వైద్యులు ఇది తప్పకుండా చూస్తారు, ఎందుకంటే ఒక వైపు సరిచేశాక రెండో వైపు వాలు బయటపడవచ్చు.

అద్దాలు పెట్టుకునేవారు అద్దాలు తీసి చూడాలి. దూరపు చూపుకు వాడే ఎక్కువ మైనస్ పవర్ అద్దాలు కళ్ళను చిన్నవిగా చూపిస్తాయి. దగ్గరి చూపుకు ఇచ్చే ప్లస్ అద్దాలు పెద్దవిగా చూపిస్తాయి. కంటి వెలుగు శిబిరంలో దగ్గరి చూపు అద్దాలు తీసుకున్న పెద్దవాళ్ళ కళ్ళు అద్దాలలో పెద్దవిగా కనిపించి, తీసినప్పుడు "గుంజుకపోయినట్టు" అనిపించడంలో జబ్బేమీ లేదు. అద్దాలు అవసరమై కూడా పెట్టుకోని పిల్లలు బోర్డు చదవడానికి కళ్ళు చికిలించడం మరో సంగతి. సన్నటి సందులోంచి చూస్తే చూపు కొంత తేటపడుతుంది కాబట్టి అలవాటుగా చికిలిస్తారు. వారికి కావలసినది కళ్ళజోడు.

ఫోన్, టార్చి, స్కేలుతో కొలవడం

మనిషిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, ఫోన్‌ను కళ్ళ ఎత్తులోనే, రెండు అడుగుల దూరంలో పట్టుకుని, ఫ్లాష్‌తో ఫోటో తీయాలి. గడ్డం ఎత్తకూడదు, కనుబొమ్మలు లేపకూడదు. ఫోటోను పెద్దది చేస్తే రెండు కంటిపాపల మీద తెల్లటి వెలుగు చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క నుంచి పై రెప్ప అంచు దాకా ఉన్న దూరమే ముఖ్యమైన కొలత. మామూలుగా అది 4 నుంచి 5 మిల్లీమీటర్లు. ఫోటోలో మిల్లీమీటర్లు ఎలా తెలుస్తాయని సందేహం రావచ్చు. పెద్దవారిలో నల్లగుడ్డు అడ్డంగా ఇంచుమించు 12 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి అదే స్కేలు. చుక్క నుంచి రెప్ప దాకా ఉన్న దూరం నల్లగుడ్డు వెడల్పులో మూడో వంతుకు తగ్గితే, లేదా రెండు కళ్ళ మధ్య ఈ దూరంలో రెండు మిల్లీమీటర్ల తేడా ఉంటే, రెప్ప వాలిందని చెప్పవచ్చు. అదే చుక్క నుంచి కింది రెప్ప దాకా కూడా చూడాలి. హార్నర్ సిండ్రోమ్‌లో కింది రెప్ప కూడా కొద్దిగా పైకి వస్తుంది కాబట్టి కన్ను రెండు వైపుల నుంచీ మూసుకున్నట్టు, లోపలికి పోయినట్టు కనిపిస్తుంది.

తరువాత రెప్పను ఎత్తే కండరం బలం. కనుబొమ్మను బొటనవేలితో కదలకుండా నొక్కి పట్టి, ముందు నేలను, తరువాత ఇంటి కప్పును చూడమనాలి, తల కదలకూడదు. పై రెప్ప అంచు ఎంత ప్రయాణించిందో స్కేలు పక్కన పెట్టి చూడాలి. 12 మిల్లీమీటర్లకు పైన ఉంటే కండరం బాగున్నట్టు, 4 లేదా అంతకు తక్కువైతే బాగా బలహీనమైనట్టు. కనుబొమ్మను ఎందుకు నొక్కాలంటే, రెప్ప పనిచేయనివారు తెలియకుండానే నుదుటి కండరంతో కనుబొమ్మను లేపి పని వెళ్ళదీస్తుంటారు. నుదుటి మీద ఒక వైపే లోతుగా పడ్డ ముడుతలు చూసి ఆ సంగతి చెప్పవచ్చు.

మూడో పరీక్షకు పనిముట్టు అక్కరలేదు. తల కదల్చకుండా తిరగని సీలింగ్ ఫ్యానును రెప్ప వేయకుండా వీలైనంతసేపు, ఒకటి రెండు నిమిషాలు, పైకి చూడమనాలి. రెప్ప నెమ్మదిగా జారుతూ వస్తే అది అలసిపోయే కండరం లక్షణం. దీనితోపాటు మూడు రోజులపాటు పొద్దున లేవగానే ఒక ఫోటో, రాత్రి పడుకునే ముందు ఒక ఫోటో అదే చోట, అదే వెలుతురులో తీసి ఉంచితే ఆరు ఫోటోలు ఏ మాటలూ చెప్పలేని సంగతి వైద్యుడికి చెబుతాయి.

చివరగా కంటిపాపలు. ముందు వెలుతురులో, తరువాత మసక వెలుతురు గదిలో రెండింటినీ పోల్చాలి. తేడా చీకట్లో పెరిగితే చిన్న కంటిపాపలో, వెలుతురులో పెరిగితే పెద్ద కంటిపాపలో లోపం ఉన్నట్టు.

రెప్ప వాలడానికి కారణాలు

యాభై, అరవై దాటినవారిలో ఎక్కువగా జరిగేది రెప్పను ఎత్తే కండరం బాగానే ఉండి, దాన్ని రెప్పకు పట్టి ఉంచే పలుచని పట్టీ సాగిపోవడం. కనుబొమ్మను నొక్కి కొలిస్తే రెప్ప పూర్తిగానే ప్రయాణిస్తుంది, కానీ కిందికి జారిన చోటు నుంచే మొదలవుతుంది. పై రెప్ప మడత మామూలు కంటే ఎత్తుకు పోతుంది. కళ్ళు బాగా నలుపుకునే అలవాటు, ఏళ్ళ తరబడి కాంటాక్టు లెన్సులు, కొన్నిసార్లు శుక్లాల ఆపరేషన్ కూడా దీన్ని తెస్తాయి. ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య పనిచేసేవారు సీజనంతా కళ్ళు నలుపుకుంటూనే ఉంటారు. ఘాటు తగిలినప్పుడు నలపకుండా మంచినీళ్ళతో కడుక్కోవడం రెప్పకూ మంచిదే. దీనికి శస్త్రచికిత్స ఉంది. మత్తు సూది ఆ చోటికే ఇచ్చి, సాగిన పట్టీని ముందుకు లాగి కుడతారు.

రెప్ప అంచు సరైన చోటే ఉండి, దాని మీది చర్మం వదులై అంచును దాటి వేలాడటం వేరే సంగతి. చూసేవారికి రెండూ ఒకటే. చర్మాన్ని వేలితో సున్నితంగా పైకి లాగినప్పుడు వెనుక రెప్ప అంచు మామూలు చోట కనిపిస్తే ఇది చర్మపు సమస్య. పక్క చూపు అడ్డుపడకపోతే దీన్ని అలాగే వదిలేయడంలో తప్పు లేదని నా అభిప్రాయం.

ఉదయం బాగుండి సాయంత్రానికి వాలే రెప్ప మీద మాత్రం ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. మయస్తీనియా గ్రావిస్ అనే జబ్బులో శరీరం తన కండరాల మీద ఉండే సంకేత గ్రాహకాల మీదికే ప్రతిరక్షకాలను పంపుతుంది. వాడేకొద్దీ కండరం సొమ్మసిల్లుతుంది, విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. ఒక రోజు కుడి, మరో రోజు ఎడమ వాలవచ్చు. వస్తువులు రెండుగా కనిపించవచ్చు. కంటిపాప మాత్రం మామూలుగానే ఉంటుంది. మంచుముక్కను బట్టలో చుట్టి, మూసిన రెప్ప మీద రెండు నిమిషాలు ఉంచి తీయగానే రెప్ప రెండు మిల్లీమీటర్లు పైకి లేస్తే ఈ జబ్బు అనుమానం బలపడుతుంది. లేవకపోతే జబ్బు లేదని మాత్రం కాదు. రక్తంలో ప్రతిరక్షకాల పరీక్ష, నరానికి కండరానికి మధ్య సంకేతాన్ని కొలిచే పరీక్ష, ఛాతీలోని థైమస్ గ్రంథి కోసం సీటీ స్కాన్ వైద్యులు చేయిస్తారు. కంటికే పరిమితమైన జబ్బులో ప్రతిరక్షకాలు సుమారు సగం మందిలోనే దొరుకుతాయి కనుక "రక్తం మంచిగనే ఉన్నది" అని ఆగిపోకూడదు. పిరిడోస్టిగ్మిన్ మాత్రలతో చాలామంది బాగుంటారు. ఒక జాగ్రత్త ప్రత్యేకంగా చెప్పాలి: జెంటామైసిన్ వంటి ఇంజెక్షన్లు, సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ వంటి మాత్రలు ఈ జబ్బును ఒక్కసారిగా పెంచగలవు. జ్వరం వచ్చినప్పుడు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునే అలవాటు మనకు ఉంది. ఈ జబ్బు ఉన్నవారు దాని పేరును కాగితం మీద రాసి జేబులో పెట్టుకుని, ఏ మందైనా తీసుకునే ముందు చూపించాలి. మింగడం, ఊపిరి కష్టమైతే అది మళ్ళీ అత్యవసరమే.

పుట్టుకతో వాలిన రెప్ప పిల్లల్లో తరచుగా కనిపిస్తుంది. చాలావరకు ఒక వైపే ఉంటుంది, కండరం సరిగా రూపుదిద్దుకోకపోవడం వల్ల వస్తుంది. గడ్డం ఎత్తి, నుదురు ముడిచి చూసే పసివాడిని చూసి ముద్దుగా నవ్వుకుంటాం; ఆ పిల్లవాడు రెప్ప కింది నుంచి చూసే దారి వెతుక్కుంటున్నాడు. రెప్ప కంటిపాపను కప్పితే, లేదా రెప్ప బరువుకు నల్లగుడ్డు వంపు మారి పవర్ తేడా వస్తే, మెదడు ఆ కంటి చూపును నేర్చుకోవడం మానేస్తుంది. అలా మందగించిన చూపును ఏడెనిమిదేళ్ళు దాటాక తిరిగి తేవడం కష్టం. అందుకే "పెండ్లీడుకు ఆపరేషన్ చేయిస్తం" అన్న మాట ప్రమాదకరం. ఆపరేషన్ ఎప్పుడన్నది వైద్యుడు నిర్ణయిస్తాడు గానీ, చూపు పరీక్ష మాత్రం గమనించిన నెలలోనే జరగాలి. అంగన్‌వాడీకి, బడికి వచ్చే బాలల ఆరోగ్య బృందానికి చూపించినా పై దవాఖానకు రాసిస్తారు. కండరం బాగా బలహీనంగా ఉన్న పిల్లల్లో రెప్పను నుదుటి కండరానికి ఊయలలా వేలాడదీసి కడతారు. ఆ తరువాత నిద్రలో కన్ను కొద్దిగా తెరుచుకుని ఉంటుంది, రాత్రిపూట మందు పూయవలసి ఉంటుంది. ముందే తెలిస్తే తల్లిదండ్రులు బెదరరు.

కొన్ని కుటుంబాల్లో తండ్రికో తల్లికో, పిల్లలకూ రెండు కళ్ళూ అడ్డంగా, నిలువునా చిన్నవిగా ఉండి, ముక్కు దగ్గర కింది రెప్ప నుంచి పైకి ఒక మడత లేచి, రెండు కళ్ళ మధ్య ఎడం ఎక్కువగా ఉంటుంది. ఇది బ్లెఫరోఫైమోసిస్ అనే వంశపారంపర్య లక్షణం. ఇందులో ఒక రకం ఉన్న ఆడపిల్లల్లో అండాశయాలు త్వరగా పనిమానివేయవచ్చు. "మా ఇంట్ల అందరికీ అంతే" అని వదిలేయకుండా జన్యు సలహా అడగవలసినది ఇందుకే.

వాపు, అదురు

పొద్దున్నే రెండు కళ్ళూ ఉబ్బి సన్నగా అయ్యే పిల్లవాడికి మూత్రం నురగగా పోతున్నదేమో చూడాలి. మూత్రపిండాల నుంచి మాంసకృత్తు పోయే జబ్బు మొదట కనిపించేది రెప్పల్లోనే, మూత్రపరీక్ష చాలు తెలియడానికి. థైరాయిడ్ హార్మోన్ తగ్గినవారిలో కూడా రెప్పలు ఉబ్బుతాయి. వారికి చలి, మలబద్ధకం, బరువు తోడుంటాయి. ఒక రెప్పలో గింజలాంటి గడ్డ ఉంటే వేడి కాపడంతో చాలావరకు కరుగుతుంది. దురదతో కూడిన వాపు అలర్జీ.

కళ్ళు తమంతట తాము గట్టిగా మూసుకుపోతూ, వెలుతురులో, బండి నడిపేటప్పుడు తెరవలేకపోవడం బ్లెఫరోస్పాజమ్. కన్ను అదిరితే శుభమా అశుభమా అని లెక్కపెట్టే కన్నదురు ఇది కాదు. అది నాలుగు రోజుల్లో పోతుంది, ఇది రెండు కళ్ళకూ వచ్చి పనికి అడ్డుపడుతుంది. బొటులినమ్ ఇంజెక్షన్ వేస్తే మూడు నాలుగు నెలలు ఉపశమనం ఉంటుంది, మళ్ళీ వేయించుకోవాలి. ముఖ పక్షవాతం నుంచి కోలుకున్న వారిలో కొందరికి నవ్వినప్పుడు, నమిలేటప్పుడు ఆ వైపు కన్ను చిన్నదవుతుంది. తిరిగి పెరిగిన నరపు పోగులు దారి తప్పి వేరే కండరాలకు చేరడం దానికి కారణం.

కన్ను లోపలికి పోవడం

బైకు మీద నుంచి పడినప్పుడో, ఎద్దు కొమ్ము తగిలినప్పుడో కంటి గుంత అడుగున ఉన్న పలుచని ఎముక విరిగితే, గుడ్డు చుట్టూ ఉన్న కొవ్వు కిందికి జారి, వాపు తగ్గిన వారం పది రోజులకు కన్ను లోపలికి పోయినట్టు తెలుస్తుంది. పైకి చూస్తే రెండుగా కనిపించడం, చెంప తిమ్మిరి ఉంటే సీటీ స్కాన్ తప్పనిసరి. దెబ్బ ఏమీ లేకుండా నెలల తరబడి ఒక కన్ను లోతుకు పోతుంటే చెంప ఎముకలోని సైనస్ మూసుకుపోయి లోపలికి గుంజుకుంటూ ఉండవచ్చు. కంటిలో ఒత్తిడి పెరిగే గ్లాకోమా జబ్బుకు వాడే లాటనోప్రోస్ట్, బిమాటోప్రోస్ట్ వంటి చుక్కలు ఏళ్ళ తరబడి ఒక కంటికే వేసుకునేవారిలో గుంత చుట్టూ కొవ్వు తగ్గి పై రెప్ప మీద లోతైన పల్లం పడుతుంది. అది చూసి చుక్కలు ఆపవద్దు. గ్లాకోమాలో పోయిన చూపు తిరిగి రాదు, మందు మార్చే పని వైద్యుడిది.

విరేచనాలతో ఉన్న పసిపిల్లకు "కండ్లు గుంతలు వడ్డయి" అని అవ్వలు అంటే ఆ మాట అక్షరాలా వైద్య పరిభాషే. ఒంట్లో నీరు తగ్గినట్టు గుర్తు. పొట్ట మీది చర్మాన్ని మడిచి వదిలితే నెమ్మదిగా సర్దుకోవడం, పిల్ల మగతగా ఉండటం, సరిగా తాగలేకపోవడం తోడైతే, మింగగలిగినంత ఓఆర్‌ఎస్ పట్టిస్తూనే దవాఖానకు తీసుకుపోవాలి.

గుడ్డే చిన్నదైతే

పుట్టుకతో గుడ్డు చిన్నగా ఉండే పిల్లల్లో నల్లగుడ్డు కూడా చిన్నదిగా కనిపిస్తుంది. నెలల పిల్లప్పుడే కంటి పెద్దాసుపత్రికి చేరితే, చూపు లేని కంటిలో కూడా కృత్రిమ గుడ్డు పెడుతూ గుంత ఎముక పెరిగేలా చూస్తారు. పెద్దయ్యాక బయటపడే చిన్న గుడ్డు మరొకటి ఉంది: ఆకారం అంతా సరిగ్గా ఉండి పొడవు మాత్రం 20 మిల్లీమీటర్లకు తగ్గి ఉంటుంది. వీరికి ఎక్కువ ప్లస్ పవర్ ఉంటుంది, కంటిలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే గ్లాకోమా ముప్పు ఎక్కువ.

బాగున్న కన్ను తరువాత కుంచించుకుపోవడం మన పల్లెల్లో ఎక్కువగా చూసేది దెబ్బ, పుండు తరువాతే. వరికోతల్లో కర్ర కొస తగిలో, వడ్ల పొట్టు పడో నల్లగుడ్డు మీద గీత పడుతుంది. దాంట్లోకి బూజు చేరి తెల్లటి మచ్చగా మారుతుంది. ఆ సమయంలో ఆకుపసరు, ఆముదం, తల్లిపాలు, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు పడితే పుండు లోతుకు దిగి, చివరకు గుడ్డు మెత్తబడి ముడుచుకుపోతుంది. కోతలప్పుడు కంటిలో ఏదైనా గుచ్చుకుని మరునాటికి ఎర్రగా, నీరు కారుతూ ఉంటే ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి. ముడుచుకుపోయిన కంటికి చూపు తేలేరు గానీ, దాని మీద సన్నటి కృత్రిమ తొడుగు పెట్టి రెండో కంటితో సమానంగా కనిపించేలా చేస్తారు.

దవాఖానకు వెళ్ళేటప్పుడు

వరంగల్‌లో ప్రాంతీయ నేత్ర వైద్యశాల ఉంది. అత్యవసర లక్షణాలు లేనప్పుడు మొదటి మెట్టు అది. నరాల అనుమానం ఉంటే అక్కడి నుంచి ఎంజీఎంకు పంపుతారు. రెప్ప శస్త్రచికిత్సకు ఆక్యులోప్లాస్టీ విభాగం కావాలి. హైదరాబాద్‌లో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి, ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నాయి. నిర్మల్, ఆదిలాబాద్ వైపు వారికి ముధోల్‌లో ఎల్వీ ప్రసాద్ సంస్థ కేంద్రం దగ్గర. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆపరేషన్ తేదీ తీసుకునే ముందే ఆరోగ్యమిత్రను అడగాలి, ఎందుకంటే అందం కోసం చేసేదానికీ, చూపు అడ్డుపడుతున్నందుకు చేసేదానికీ కాగితంలో రాసే కారణం వేరు.

వెంట తీసుకుపోవలసినవి: పాత ఫోటోలు రెండు, పొద్దున రాత్రి తీసిన ఫోటోలు, వాడుతున్న మాత్రల పట్టీలు, కంటి చుక్కల సీసాలు, షుగర్, థైరాయిడ్ రిపోర్టులు. ఓపీలో వైద్యుడికి దొరికేది కొద్ది నిమిషాలు కనుక చెప్పవలసిన వాక్యాలు ముందే అనుకుని పోవడం మంచిది: ఏ తేదీ నుంచి, ఒక కన్నా రెండా, పొద్దుటికీ రాత్రికీ తేడా ఉందా, రెండుగా కనిపిస్తున్నాయా, నొప్పి ఉందా, దెబ్బ తగిలిందా, మెడ విరిపించుకున్నారా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా. కాటుక, సుర్మా ఆ రోజు పెట్టుకోవద్దు. రెప్ప అంచు కొలతకు అడ్డుపడతాయి. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది కాబట్టి బండి నడపడానికి ఇంకొకరిని వెంట తీసుకుపోవాలి. ఆ చుక్కలు వేయకముందే కంటిపాపలను, రెప్పలను చూడమని సిస్టరుకు చెప్పాలి. వేశాక హార్నర్, మూడో నరం గుర్తులు ఆ పూటకు చెరిగిపోతాయి.